పోర్టు పెంచి పికప్ పోగొట్టుకున్నా

నా పాత 350 సీసీ బండి ఇంజిన్ హెడ్‌కు (సిలిండర్ పైన వాల్వులుండే భాగం) మొదట బయట పోర్టింగ్ చేయించా, అంటే అందులో గాలి, పొగ వెళ్లే దారులను అరగదీయించా. గాలి, పెట్రోలు లోపలికి వెళ్లే ఇన్‌టేక్ పోర్టును వెడల్పు చేసి అద్దంలా మెరిపించారు. చూడ్డానికి ముచ్చటే, కానీ తక్కువ ఆర్‌పీఎంలో లాగడం మానేసింది. దారి పెద్దదైతే గాలి వేగం పడిపోతుంది. నున్నటి గోడకు పెట్రోలు తడిగా అంటుకుంటుంది.

అరగదీసిన లోహం తిరిగి రాదుగా! ఇంకో పాత హెడ్ కొని నేనే కూర్చున్నా. గాస్కెట్ పెట్టి గీత గీసి, మానిఫోల్డ్ (హెడ్‌కు గాలి, పెట్రోలు తెచ్చే గొట్టం), హెడ్ కలిసే చోట అడ్డొచ్చే మెట్టును మాత్రమే డై గ్రైండర్‌తో తీసేశా. వాల్వ్ సీటు (మూసుకున్నప్పుడు వాల్వ్ ఆనే రింగు) కింది పదునైన అంచును మెల్లగా కలిపా. సీటుకు తగలకుండా చేయడానికే సగం రోజు పట్టింది. ఇన్‌టేక్‌ను 80 నంబరు ఎమెరీతో గరుకుగానే వదిలేశా. ఎగ్జాస్ట్ మాత్రం మసి పట్టకుండా నున్నగా చేశా. వాల్వులు సీటుకు సరిగ్గా ఆనేలా పేస్టుతో రుద్ది (ల్యాపింగ్), కిరోసిన్ పోసి లీకు చూశా. ఇప్పుడు ఫ్లైఓవర్ మూడో గేర్లోనే ఎక్కుతోంది.