మునిగిన ఊళ్ల చరిత్రను పాత ఫొటోల్లో భద్రపరచడం ఎలా?

1980ల తొలినాళ్లలో శ్రీశైలం జలాశయం నిండుతున్నప్పుడు పాత కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కృష్ణా తుంగభద్రల ఒడ్డున పదుల కొద్దీ ఊళ్లు నీళ్లపాలయ్యాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయం లాంటి గుళ్లను విప్పి, అలంపురానికి తెచ్చి మళ్లీ కట్టారు. వీధులనూ ఇళ్లనూ చేదబావులనూ అలా ఎవరూ తేలేదు. అవి ఇంకా కనిపించేది నిర్వాసితుల ఇళ్లలోని పెళ్లి ఫొటోల్లోనే, అదీ మనుషుల వెనకాల. అందుకే ముఖాలవరకే కత్తిరించి దాచకండి. అంచున సగం కనిపించే గుమ్మం, ధ్వజస్తంభం కొన, బండి చక్రం కూడా ఊరే.

1. ఫొటోను ఇంటి గడప దాటించొద్దు

"స్కాన్ చేసి తెచ్చిస్తాం" అని పట్టుకెళ్లిన ఫొటోలు చాలాసార్లు తిరిగి రావు. ఒక్కటి పోయినా ఆ ఊళ్లో ఇంకే తలుపూ తెరుచుకోదు. ల్యాప్‌టాప్, యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే పలచటి స్కానర్, మెత్తటి కుంచె, 2బి పెన్సిల్, కాగితపు కవర్లు తీసుకుని మీరే వెళ్లండి. దూరాన ఉన్న పిల్లలు కూడా ఇంటికి చేరే దసరా, సంక్రాంతి రోజులు ఈ పనికి అనువైనవి.

2. తుడవకండి, పీకకండి

ఫొటో పైపొర జెలటిన్. తడిగుడ్డ తగిలితే అది ఉబ్బి, బొమ్మతో సహా లేచొస్తుంది. కుంచెతో మధ్యనుంచి అంచులకు దుమ్ము దులిపితే చాలు. తెల్లటి బూజు ఉన్నవాటిని విడిగా పెట్టండి. లేకపోతే మిగతావాటికీ అంటుకుంటుంది.

వానాకాలపు చెమ్మకు ఫ్రేములోని ఫొటో అద్దానికి అతుక్కుపోతుంది. లాగితే ముఖం అద్దం మీదే మిగులుతుంది. అలాంటిదాన్ని అద్దంతోనే నకలు తీయండి. పోయినవారి ఫొటో అయితే దండ తీయడం, అద్దం మీది బొట్టు తుడవడం ఇంటివాళ్లే చేయాలి. మీరు చెయ్యి వేయొద్దు.

3. నకలు తీయడం

పోస్టుకార్డంత ఫొటోకు 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే లెక్క), రెండున్నర అంగుళాల లోపువాటికి 1200 డీపీఐ పెట్టండి. నలుపు తెలుపు ఫొటోనైనా రంగుల్లోనే స్కాన్ చేయండి. వెలిసిన మరకకూ సిరా రాతకూ తేడా అప్పుడే తెలుస్తుంది. టిఫ్ (నాణ్యత తగ్గకుండా దాచే రకం) ఫైలుగా దాచండి. నాలుగు ఆరు అంగుళాల ఫొటో 25 ఎంబీ దాకా వస్తుంది. వెనకవైపు కూడా స్కాన్ చేయాలి. స్టూడియో ముద్ర, తేదీ ఉండేది అక్కడే.

పలచటి స్కానర్లలో అద్దానికి ఆనిన భాగమే స్పష్టంగా వస్తుంది. వంకర తిరిగినవాటినీ, ఫ్రేము కట్టినవాటినీ అరుగు మీద నీడలో పెట్టి, ఫోనును సమాంతరంగా పట్టుకుని తీయండి. మీరు నల్లదుప్పటి కప్పుకుంటే అద్దంలో మీ నీడ అంతగా పడదు. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది.

4. పేర్లు

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. వందేళ్లు నిలిచే ఫొటో కూడా, పేర్లు తెలిసిన చివరి మనిషి పోతే మూగదవుతుంది. నకలును ఏ4 కాగితంపై ముద్రించి, ఒక్కో తలకూ అంకె వేసి, పెద్దవాళ్ల ముందు పెట్టండి. వాళ్ల మాటలు ఫోనులో రికార్డు చేయండి. ఇద్దరిని విడివిడిగా అడగండి. కలిసి కూర్చుంటే గట్టిగా మాట్లాడేవారి జ్ఞాపకమే నిలుస్తుంది. వాళ్ల మాటలు కలవకపోతే రెండూ రాయండి.

ఆడవాళ్ల దగ్గర "ఫలానా ఆయన భార్య" అని ఆగిపోవద్దు. ఆమె పేరు, పుట్టినూరు అడగండి. ఆ తర్వాత వెనకాల ఏముందో అడగండి: ఈ గోడ ఎవరిది, బావి ఏ పక్కన, ఏటికి దారి ఎటు? పెళ్లి ఫొటోలు తీయించుకునే స్తోమత లేని ఇళ్లలో బడి గ్రూపు ఫొటో, పాత రేషన్ కార్డు ఉంటాయి. అవీ చరిత్రే. ఆ వాడలను వదిలేస్తే సగం ఊరు మళ్లీ మునిగినట్టే.

5. కాలం తేల్చడం

గోడల మీది ఎన్నికల గుర్తులు చూడండి. కాంగ్రెసుకు కాడెద్దుల గుర్తు 1969 చీలిక దాకా ఉంది. ఆవు దూడ 1971 నుంచి, హస్తం 1978 నుంచి వచ్చాయి. అయితే గోడరాత ఏళ్లపాటు చెరగదు. కాబట్టి "అంతకుముందు తీసింది కాదు" అనే చెప్పగలం. మండలాలు 1985లో ఏర్పడ్డాయి, బోర్డు మీద తాలూకా పేరుంటే అంతకుముందుదని అనుకోవచ్చు. ఊరి చిరునామాను అప్పటి తాలూకా, జిల్లాతోనూ ఇప్పటివాటితోనూ రాయండి. తెలంగాణవైపు 2016లో, ఆంధ్రవైపు 2022లో జిల్లాలు మారాయి. ఒక్క పేరే రాస్తే రేపు వెతికేవారికి దొరకదు.

6. దాచడం

ఫైలుకు అంకెలే పేరుగా పెట్టండి: ఊరు, ఇల్లు, ఫొటో వరసలో 07-003-012. మూడు కాపీలుండాలి, ఒకటి వేరే ఊళ్లో. అసలు ఫొటోలను గాఢమైన వాసన వచ్చే ప్లాస్టిక్ కవర్లలో కాక కాగితపు కవర్లలో, బీరువా నడిమి అరలో పెట్టమనండి. వివరాలు కవరు మీదే రాయండి. ఫొటో వెనక బాల్‌పెన్నుతో రాస్తే ముందుకు నొక్కు పడుతుంది. ఫొటోలను ప్రచురించాలంటే ముందు ఇంటివాళ్ల సంతకం తీసుకోండి. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోపై, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కు తీయించుకున్నవారిదే.

7. వేసవిలో అక్కడికి

జలాశయం పూర్తి మట్టం సముద్రమట్టానికి 885 అడుగులు. ఎండాకాలంలో నీరు తగ్గి సప్తనదీ సంగమేశ్వరాలయం (అలంపురానికి తెచ్చిన కూడవెల్లి గుడి కాదు, అక్కడే ఉండిపోయిన వేరే గుడి) బయటపడే రోజుల్లో, కొన్ని ఊళ్ల పునాదులూ తేలుతాయి. పాత ఫొటో ముద్రించుకుని, ఆ ఊరి పెద్దమనిషినొకరిని వెంటబెట్టుకుని వెళ్లండి. కొండ గీత, గుడి గోడ ఫొటోలో ఎక్కడ కలుస్తున్నాయో చూసి అదే చోటునుంచి మళ్లీ తీయండి. జీపీఎస్ అంకెలు, ఆనాటి నీటిమట్టం రాసుకోండి. ఒండ్రు పైకి గట్టిగా కనిపించినా కింద మెత్తగా ఉంటుంది, కర్రతో పొడిచి చూశాకే అడుగు వేయండి.