పేపర్ స్ట్రా వ్యాపారం – మూడో పాఠం: గిరాకీ ఎక్కడుంది?

కిందటి రెండు పాఠాల్లో కాగితం, జిగురు, యంత్రం గురించి చెప్పుకున్నాం. లోన్ కోసం బ్యాంకుకు పరిగెత్తే తొందరలో ఉన్నవాళ్లు ఇంకో వారం ఆగండి. ఈ వ్యాపారంలో సరుకు తయారీ తేలికైన పని. ఎవరు కొంటారో, ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ ఎందుకు కొంటారో పట్టుకోవడమే కష్టం.

స్ట్రాతో తాగేవాళ్లు దానికి విడిగా డబ్బులివ్వరు. మీ సరుకు కొనేది జ్యూస్ షాపాయన, కొబ్బరిబోండాల బండి ఆమె, క్యాటరింగ్ వాళ్లు. కాబట్టి "పర్యావరణానికి మేలు చేసే స్ట్రా వాడతారా?" అని కాలేజీ పిల్లల చేత గూగుల్ ఫారం నింపిస్తే ఏమీ తేలదు. దాదాపు అందరూ అవుననే అంటారు. అనడానికి ఖర్చేముంది?

మన దేశంలో ఈ గిరాకీ చట్టంలోంచి పుట్టింది. 2021 ఆగస్టులో నోటిఫికేషన్ ఇచ్చి, 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలను నిషేధించారు. దాదాపు ఏడాది టైమున్నా, డబ్బాల్లో పానీయాలు అమ్మే పెద్ద కంపెనీలు చివరిదాకా గడువు పెంచమని అడుగుతూనే ఉన్నాయి. అమూల్ అయితే కేంద్రానికి లేఖ రాసింది. గడువు పెరగలేదు. దేశంలో సరిపడా తయారీ లేక కాగితం స్ట్రాలను బయటి దేశాల నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది. (ఆ డబ్బాలకు అంటించే చిన్న స్ట్రాల ఆర్డర్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. అంత సరుకు ఒక్క చిన్న యంత్రంతో తెమిలేది కాదు.)

చట్టంలోంచి పుట్టిన గిరాకీ చట్టం అమలయ్యే చోటే నిలుస్తుంది. మునిసిపాలిటీ వాళ్లు తనిఖీకి వచ్చే వీధిలో కాగితం స్ట్రా కనిపిస్తుంది. వాళ్లు కన్నెత్తి చూడని వీధిలో పాత ప్లాస్టిక్‌దే ఇంకా నడుస్తుంది. మీ ఊళ్లో ఏ వీధి ఎలా ఉందో ఒక సాయంత్రం తిరిగితే తెలిసిపోతుంది.

ఇక అడగడం. రేపు ఏం కొంటారని అడగొద్దు, కిందటిసారి ఏం కొన్నారో అడగండి. కొబ్బరిబోండాల బండి దగ్గర మాట ఇలా సాగిందనుకోండి:

"బాబాయ్, కిందటిసారి ఏ స్ట్రాలు తెచ్చావు?"

"కాయితంవి ఓ ప్యాకెట్ తెచ్చా. మళ్లీ తేలేదు."

"ఏమైంది?"

"సన్నం. లేత కొబ్బరి అడ్డం పడతా ఉంది. నానిపోయిందని ఇంకోటి అడుగుతున్నారు. బోండానికి రెండేసి పోతే నాకేం మిగులుద్ది?"

"కాగితం స్ట్రా ఎందుకు వాడవు?" అని అడిగి ఉంటే "రేటెక్కువ" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. మీరూ రేటు తగ్గించే దారులు వెతుక్కుంటూ కూర్చునేవారు. ఆయన అసలు బాధ రెండో స్ట్రా. 6 మిల్లీమీటర్ల సన్న స్ట్రా 80 పైసలనుకుందాం. బోండానికి రెండు పోతే రూపాయి 60 పైసలు. 8 మిల్లీమీటర్లది, కాస్త మందం కాగితంతో చేసింది, రూపాయి పది పైసలకు ఇచ్చి ఒక్కదానితో పని జరిగితే బోండానికి 50 పైసలు ఆయనకు మిగిలినట్టే. ఖరీదైన సరుకే ఆయనకు చవక. ఈ లెక్క మీరు చెబితే నమ్మడు. ఆయన బండి దగ్గరే, ఆయన బోండాంలోనే పెట్టి చూపించాలి.

నానడం గురించి ఇంకో మాట. నిమ్మసోడా రెండు నిమిషాల్లో అయిపోతుంది. కేఫ్‌లో మిల్క్‌షేక్ ముందు పెట్టుకుని అరగంట ఫోన్ చూసేవాళ్ల సంగతి వేరు. అమెరికాలో ఈ చిరాకు ఎంత దూరం వెళ్లిందంటే, 2025 ఫిబ్రవరిలో కాగితం స్ట్రాలను ప్రభుత్వం కొనకూడదని అధ్యక్షుడు ట్రంప్ ఏకంగా ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. అందుకే ప్రతి షాపులోనూ, గ్లాసు ముందుకొచ్చినప్పటి నుంచి ఖాళీ అయ్యేదాకా ఎంతసేపు పడుతోందో చూసి రాసుకోండి.

మీకు అన్నిటికన్నా పెద్ద పోటీ అసలు స్ట్రానే లేకపోవడం. అడిగితేనే స్ట్రా ఇచ్చే జ్యూస్ షాపులున్నాయి. అలాంటి చోట ఒక గంట నిలబడి ఎంతమంది అడిగారో లెక్కపెట్టండి. పిల్లలతో వచ్చినవాళ్లు అడుగుతారు. మంచంలో పడుకుని తాగాల్సిన రోగులకైతే స్ట్రా లేకుండా గడవదు. వాళ్లకు వంగే స్ట్రా కావాలి, కాబట్టి ఆసుపత్రి ఎదురుగా ఉండే మెడికల్ షాపులో కూడా అడిగి రండి.

చూడ్డానికి అచ్చం ప్లాస్టిక్ లాగే ఉండే పీఎల్ఏ (మొక్కజొన్న లాంటి పంటల నుంచి తీసే ప్లాస్టిక్) స్ట్రాలు అమ్మాలనుకునేవాళ్లకు వేరే తలనొప్పి ఉంది. కంపోస్టయ్యే రకానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. షాపాయన మొదటి ప్రశ్న "ఫైన్ వేస్తే ఎవరు కడతారు?" అనే. సర్టిఫికెట్ కాపీ కౌంటర్ దగ్గర అంటించి ఇస్తే ఆయన టెన్షన్ సగం తగ్గుతుంది. బెంగళూరు క్రైస్ట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ సాజీ వర్గీస్ రాలిన కొబ్బరాకులతో స్ట్రాలు చేయించారు. చక్కటి ఆలోచన. అలాంటివి, వెదురువి కొనేది రిసార్టులు, పెద్ద కేఫ్‌లు. అవి ఎలా తయారయ్యాయో తమ కస్టమర్లకు చెప్పుకోవడం వాళ్లకు అవసరం. బండి వాళ్లకు ఆ అవసరం లేదు.

సీజన్ సంగతి మీకు తెలిసిందే, మార్చి నుంచి జూన్ దాకా పరుగులు. క్యాటరింగ్ వాళ్ల గిరాకీ మాత్రం ఎండను బట్టి ఉండదు, పంచాంగాన్ని బట్టి ఉంటుంది. పెళ్లిళ్లలో వెల్‌కమ్ డ్రింక్‌కు స్ట్రాలు కావాలి. ఆషాఢంలో, మూఢంలో వాళ్ల ఫోనే రాదు. యంత్రం వాయిదా మాత్రం ఆ నెలల్లోనూ కట్టాలి.

ఈ వారం పని: ఐదు షాపులు ఎంచుకోండి. అన్నీ ఒకే రకం వద్దు. ఒక్కోచోట వంద స్ట్రాల ప్యాకెట్ ఇవ్వండి, డబ్బులు తీసుకుని మరీ ఇవ్వండి. ఉచితంగా ఇస్తే ఎవరైనా తీసుకుని బాగుందంటారు. పది రూపాయలు తక్కువకిచ్చినా సరే, జేబులోంచి తీయాలి. వారం తర్వాత వెళ్లి "బాగుందా?" అని అడక్కుండా ప్యాకెట్‌లో ఎన్ని మిగిలాయో చూడండి. ఇంకో ప్యాకెట్ కావాలా అని అడిగి, ఆయన డబ్బు తీశాడా, ఖాతాలో రాసుకోమన్నాడా, తర్వాత చూద్దాం అన్నాడా అన్నది తేదీ వేసి రాసుకోండి. ఆ నోట్‌బుక్ దగ్గర పెట్టుకుని నాలుగో పాఠానికి రండి, ధర ఎలా కట్టాలో, ఎవరికి అప్పివ్వచ్చో అందులోంచే లెక్క తీద్దాం.