బెజవాడ ఎండలో ఆఫీసు బట్టలు: సూటు ఎప్పుడు, నూలు చొక్కా ఎప్పుడు

మే నెలలో విజయవాడ, గుంటూరుల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రోజూ సూటు తప్పనిసరి కాని ఉద్యోగమైతే దాన్ని ఇంటర్వ్యూలకు, క్లయింటు మీటింగులకు అట్టిపెట్టుకోండి.

సూటు కుట్టించేటప్పుడు అందరూ పైబట్టే చూస్తారు, లైనింగు గురించి అడగరు. అసలు ఉక్కపోత అక్కడే! పాలిస్టర్ లైనింగు చెమట పీల్చదు, గాలి ఆడనివ్వదు. చదరపు మీటరుకు 200–240 గ్రాములుండే పల్చటి ఉన్ని బట్ట ఎంచుకుని, వీపు భాగంలో సగం వరకే లైనింగు వేయమని టైలరుకు చెప్పండి. బైకు మీద కోటు తొడుక్కుంటే వెనకంతా ముడతలే, ఆఫీసుకు చేరాక వేసుకోండి. కోటుకు అన్నిటికంటే కింది గుండీ పెట్టుకోరు, వదిలేస్తారు. విప్పాక వెడల్పాటి హ్యాంగరుకు తగిలించి రాత్రంతా ఫ్యాను గాలికి వదలండి. చెమటతోనే బీరువాలో పెడితే వాసన పట్టేస్తుంది.

మిగతా రోజులకు మంగళగిరి నూలు చొక్కాను మించింది లేదు. 36 అంగుళాల పన్నా అయితే పొడుగు చేతుల చొక్కాకు సుమారు రెండున్నర మీటర్లు పడుతుంది. లావుగా ఉంటే ఇంకాస్త. కుట్టించే ముందు బట్టను రాత్రంతా నీళ్లలో నానబెట్టి నీడలో ఆరేయండి. లేకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుపోయి కాలరు బిగుస్తుంది. గంజి పల్చగా, కాలరుకీ చేతి పట్టీలకీ చాలు. చొక్కా అంతా పట్టిస్తే గాలి ఆడదు. కాస్త తడిగా ఉండగానే ఇస్త్రీ చేయాలి.

చంకల దగ్గర పసుపు మరకలకు బ్లీచింగు వాడకండి, ఇంకా ముదురుతాయి. వంటసోడా ముద్ద రాసి అరగంటాగి ఉతకండి.