హెచ్-1బి మీద ఉండి పక్కపని చేయాలంటే

అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బి మీద ఉంటే, మీ తరఫున పిటిషన్ వేసిన కంపెనీకే పనిచేయాలి. ఫ్రీలాన్స్ పనులు దొరికే అప్‌వర్క్ సైట్‌లో కోడింగ్, వారాంతాల్లో ఊబర్ కుదరవు. హైదరాబాద్ క్లయింట్ డబ్బును ఇండియా ఖాతాలోనే వేసినా, మీరు డల్లాస్‌లో కూర్చుని చేస్తే అది అమెరికాలో చేసిన పనే. చాలామంది పొరబడేది ఇక్కడే. టాక్స్ రిటర్న్‌లో సొంత పని ఆదాయం చూపే షెడ్యూల్ సి ఫారం గ్రీన్‌కార్డు దశలో బయటపడొచ్చు.

సరైన దారి ఒకటుంది. రెండో కంపెనీ మీకు పార్ట్‌టైమ్ హెచ్-1బి వేయాలి: ముందు కార్మిక శాఖకు ఎల్‌సీఏ (జీతం, పని పరిస్థితులపై కంపెనీ ఇచ్చే హామీ పత్రం), తర్వాత ఇమిగ్రేషన్ శాఖకు ఐ-129 పిటిషన్. ఇదివరకే హెచ్-1బి వీసాల లాటరీలో ఎంపికై పనిచేస్తున్నవారికి మళ్లీ లాటరీ ఉండదు. ఆ పిటిషన్ అందినట్టు రసీదు చేతికి రాకముందు పని మొదలుపెట్టకండి. మొదటి కంపెనీ ఒప్పందంలో పక్కపనిపై నిషేధం ఉందేమో కూడా చూసుకోండి.

షేర్లు, బ్యాంకు వడ్డీ పర్వాలేదు. హెచ్-4 (హెచ్-1బి వారి కుటుంబానికిచ్చే వీసా) మీద ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు, ఉన్న భార్య లేదా భర్త ఫ్రీలాన్స్ చేయొచ్చు. కానీ వాళ్ల పేరు పెట్టి కోడ్ మీరు రాస్తే, ఉల్లంఘన మీదే.