హైదరాబాద్‌లో గోల్ఫ్ మొదలుపెట్టేవారికి: డబ్బు, సమయం, ఓర్పు దేనికి ఎంత

గోల్ఫ్ నేర్చుకోవాలనుకునే పెద్దవారు మన ఊళ్ళో సాధారణంగా ముందు ఖరీదైన క్లబ్బుల (బంతిని కొట్టే కర్రల) సెట్టు కొంటారు, తరవాత ఆడేందుకు కోర్సు (గోల్ఫ్ మైదానం) వెతుకుతారు, ఆట సాగకపోతే కోచ్ దగ్గరికి వెళతారు, మనసును అదుపులో పెట్టుకోవడం గురించి మాత్రం ఎప్పుడూ ఆలోచించరు. నేను నలభై రెండో ఏట ఇదే వరుసలో మొదలుపెట్టి రెండేళ్ళు పోగొట్టుకున్నాను. ఆ తరవాత పదేళ్ళకు పైగా ఆదివారం ఉదయాలు ఎక్కువగా గోల్కొండ నయా ఖిల్లాలోని గోల్ఫ్ కోర్సులో గడిపాను. ఇప్పుడు నా హ్యాండిక్యాప్ (బాగా ఆడిన రోజుల్లో, కోర్సుకు నిర్ణయించిన దెబ్బల కంటే, అంటే స్ట్రోకుల కంటే, ఎన్ని ఎక్కువ పడతాయో చెప్పే అంకె) 19. అంటే నేను గొప్ప ఆటగాడిని కాను, కాని తప్పులన్నీ చేసి చూసినవాడిని. కొత్తవారికి నేను చెప్పేది ఒక్కటే: ఈ వరుసను తిరగేయండి. ముందు కోచ్, ఆ తరవాత చిన్న షాట్ల సాధన, దానితో పాటే ఓర్పు, అన్నిటికన్నా చివర కొత్త సెట్టు.

కోచ్ దగ్గర మొదటి ఆరు నెలలు

మొదట నేను వెళ్ళిన కోచ్ ముప్పావు గంటలో నా గ్రిప్ (క్లబ్ పట్టుకునే తీరు), నిలబడే తీరు, క్లబ్ వెనక్కి తీసుకునే పద్ధతి, చివరి భంగిమ అన్నీ మార్చేశారు. ఇంటికి వచ్చేసరికి ఒక్కటీ గుర్తు లేదు. మంచి కోచ్ ఒక పాఠంలో ఒకే విషయాన్ని పట్టుకుంటారు, అది ఎందుకు మార్చాలో చెబుతారు, మార్చిన తరవాత బంతి ఎలా పోవాలో చూపిస్తారు. అందువల్ల పది పాఠాలకు ఒకేసారి డబ్బు కట్టకుండా ముందు ఒక్క పాఠం తీసుకొని, ఆయన ఎంత మాట్లాడారు, మీ ఆటను ఎంతసేపు చూశారు అన్నది గమనించండి. మొదటి పది నిమిషాలు ఏమీ మార్చకుండా కేవలం చూసేవారిని నేను నమ్ముతాను. రెండు పాఠాల మధ్య కనీసం రెండు వారాలు ఉండాలి, ఆ రెండు వారాల్లో మూడు నాలుగుసార్లయినా సాధన చేయాలి. సాధన చేయకుండా పాఠం వెంట పాఠం తీసుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

క్రికెట్ ఆడుతూ పెరిగిన మనకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. బంతి కనబడగానే కింది చేయి ముందుకు దూకుతుంది, దానితో క్లబ్ బయటివైపు నుంచి లోపలికి కోసుకుంటూ వస్తుంది, బంతి కుడివైపు వంగిపోతుంది. దీన్నే స్లైస్ అంటారు. దీని వెనకనున్న కారణం తెలిస్తే సగం భయం పోతుంది. బంతి బయలుదేరే దిశను ఎక్కువగా క్లబ్ ముఖం, అంటే బంతిని తాకే చదునైన భాగం, నిర్ణయిస్తుంది. గాలిలో అది వంగడం మాత్రం క్లబ్ వచ్చిన దారికీ ముఖం చూస్తున్న దిశకూ మధ్య ఉన్న తేడా వల్ల జరుగుతుంది. ముఖం ఆ దారికంటే కుడికి తెరుచుకొని ఉంటే కుడిచేతి ఆటగాడి బంతి కుడికి తిరుగుతుంది. బంతి కుడికి పోతోందని ఎడమవైపు గురిపెట్టి నిలబడితే క్లబ్ దారి మరింత ఎడమకు మళ్ళుతుంది, తేడా పెరుగుతుంది, స్లైస్ ముదురుతుంది. నేను ఏడాది పాటు ఇలాగే మందు అనుకొని రోగాన్నే పెంచుకున్నాను. చాలామంది కొత్తవారికి దీని మూలం గ్రిప్‌లో ఉంటుంది కాబట్టి, స్వింగును మార్చే ముందు గ్రిప్‌ను చూడమని కోచ్‌ను మీరే అడగవచ్చు.

రేంజిలో, అంటే బంతులు కొట్టి సాధన చేసే చోట, పరిచే ప్లాస్టిక్ చాపల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. బంతికి రెండు అంగుళాల వెనక క్లబ్ తగిలినా, చాప మీద అది జారి ముందుకు వచ్చి బంతిని బాగానే కొడుతుంది. అదే దెబ్బకు గడ్డి మీద క్లబ్ నేలలో దిగబడి, బంతి పది గజాలు కూడా కదలదు. రేంజిలో బాగా కొట్టి కోర్సులో విఫలమయ్యేవారిలో చాలామంది విషయంలో జరిగేది ఇదే. దీనికి నాకు తెలిసిన మంచి ఉపాయం ముగ్గు. సాధనకు అనుమతి ఉన్న గడ్డి మీద ముగ్గుతో ఒక సన్నని గీత వేసి, బంతి లేకుండా స్వింగ్ చేసి, క్లబ్ నేలను ఎక్కడ తాకిందో చూడండి. గుర్తు గీత మీద గాని, దాని ముందు గాని మొదలు కావాలి. వెనక మొదలైతే బరువు ఇంకా వెనక కాలి మీదే ఉండిపోయిందని అర్థం. రోజుకు ఇరవైసార్లు ఇలా చేయడం, లెక్క లేకుండా వంద బంతులు బాదడం కంటే మేలు.

వంద గజాల లోపల

కోర్సులో పద్దెనిమిది హోల్‌లు, అంటే మొదలుపెట్టే చోటు నుంచి గుంట దాకా సాగే ఆట భాగాలు, ఉంటాయి. వాటిని ముగించడానికి నిర్ణయించిన స్ట్రోకుల లెక్కే పార్. 72 పార్ ఉన్న కోర్సులో ఆ లెక్కను కట్టేటప్పుడే ప్రతి హోల్‌కూ రెండు పట్‌లు (బంతిని గుంటలోకి దొర్లించే దెబ్బలు), అంటే మొత్తం 36, కేటాయిస్తారు. సగం ఆట గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నని పొట్టి గడ్డి) మీదే ఉందన్నమాట. అయినా సాధనకు వచ్చేవారిలో పది మందిలో తొమ్మిది మంది డ్రైవర్ అనే, ఎక్కువ దూరం కొట్టే క్లబ్ పట్టుకొనే కనబడతారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచింది. డ్రైవర్‌తో దూరం కొట్టడంలో ఆమె అక్కడ చాలామంది కంటే వెనకే ఉంది. తల్లి కేడీగా బ్యాగ్ మోస్తుండగా, నాలుగు రోజుల పాటు గ్రీన్ చుట్టుపక్కల చూపిన నేర్పుతోనే పతకం అంచు దాకా వెళ్ళింది. దూరం కొట్టలేమని బాధపడే మనవంటి వారికి ఇంతకంటే ధైర్యం చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

సాధన సమయంలో సగం పట్టింగుకూ, చిప్పింగుకూ (గ్రీన్ పక్క నుంచి దాని మీదికి కొట్టే చిన్న షాట్లకు) ఇవ్వండి. హోల్ గుంట వ్యాసం 108 మిల్లీమీటర్లు, బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లు, నెమ్మదిగా వచ్చిన బంతికి ఆ హోల్ అంతా అందుబాటులో ఉంటుంది, వేగంగా వచ్చిన బంతి అంచు తగిలి బయటికి పోతుంది. కాబట్టి దూరపు పట్‌లలో దిశ కంటే వేగం ముఖ్యం. మూడు అడుగుల దూరంలో హోల్ చుట్టూ ఎనిమిది బంతులు పెట్టి, వరసగా అన్నీ వేసేదాకా కదలకపోవడం నా అలవాటు. మన వేడి ప్రాంతపు కోర్సుల్లో ఎక్కువగా ఉండే బెర్ముడా గడ్డి ఒక వైపుకు వాలి పెరుగుతుంది. గ్రీన్ మెరుస్తూ కనబడితే గడ్డి మీకు అవతలి వైపుకు వాలిందని, బంతి వేగంగా పోతుందని, ముదురు రంగుగా కనబడితే ఎదురు వాలిందని, కాస్త గట్టిగా కొట్టాలని గుర్తుపెట్టుకోండి. ఈ సంగతి నాకు ఒక కేడీ నేర్పారు. కేడీలు ఆ గ్రీన్‌ల మీద మనకంటే కొన్ని వేల గంటలు ఎక్కువ గడిపినవారు. వారిని పేరు పెట్టి, గౌరవంగా పలకరించి, "ఎటు తిరుగుతుందంటావన్నా?" అని అడిగితే చెప్పే మాట ఏ పరికరం కన్నా విలువైనది.

సామాను

నియమాల ప్రకారం బ్యాగులో 14 క్లబ్బుల వరకు ఉండవచ్చు, కాని కొత్తవారికి ఏడు చాలు: దూరానికి ఒక హైబ్రిడ్, ఐదో నంబరు వుడ్, మధ్య దూరానికి ఏడు, తొమ్మిది నంబరు ఐరన్‌లు, దగ్గరి షాట్లకు పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్, గ్రీన్ మీద పట్టర్. వంద గజాల లోపల ఆట కుదరక ముందే డ్రైవర్ కొనడం నేల విడిచి సాము చేయడమే. మంచి స్థితిలో ఉన్న పాత సెట్టు దొరికితే సంకోచించకుండా తీసుకోండి. క్లబ్ ముఖం మీది గాడులు అరిగిపోలేదా, షాఫ్ట్ (క్లబ్ కర్ర భాగం) వంగలేదా అని చూసి, గ్రిప్‌లు (చేతితో పట్టుకునే చోట ఉండే తొడుగులు) మాత్రం కొత్తవి వేయించండి. అరిగిన గ్రిప్ జారుతుందన్న భయంతో చేతులు బిగుసుకుంటాయి, బిగుసుకున్న చేతులతో స్వింగ్ సాగదు. బంతులు చవకవే కొనండి, కాని ఎప్పుడూ ఒకే రకం వాడండి, లేకపోతే పట్టింగ్‌లో చేతికి అంచనా కుదరదు. మన ఎండాకాలపు చెమటకు రెండు గ్లవ్స్ దగ్గర పెట్టుకొని మార్చుకుంటూ ఉండాలి. సామాను గురించి ఇంతకు మించి ఆలోచించనక్కరలేదు.

ఎక్కడ ఆడాలి

నయా ఖిల్లా 17వ శతాబ్దంలో గోల్కొండ కోటకు కొత్తగా చేర్చిన భాగం. ఆ గోడల మధ్య, హతియాన్ కా ఝాడ్ అని పిలిచే మహావృక్షం ఉన్న ఆవరణలో హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ పద్దెనిమిది హోల్‌ల కోర్సు ఉంది. నేను ఎక్కువగా అక్కడే ఆడతాను కాబట్టి పక్షపాతం ఉండవచ్చు, కాని పొద్దున్నే ఆ బురుజుల మీద వెలుగు పడుతుండగా మొదటి టీ (హోల్ ఆట మొదలుపెట్టే చోటు) మీద నిలబడడం ఈ నగరంలో దొరికే గొప్ప అనుభవాల్లో ఒకటి అని మనస్ఫూర్తిగా చెబుతాను. ఆ కోట మన ఆట కోసం కట్టినది కాదని కూడా గుర్తుంచుకోవాలి. గోడల మీదికి బంతి వెళితే ఎక్కి వెతకకూడదు. చెట్టును, కట్టడాలను చూడడానికి వచ్చేవారు దగ్గరలో ఉంటే కొట్టడం ఆపాలి. బంతి ఎవరివైపు వెళ్ళినా ఆ క్షణమే "ఫోర్" (జాగ్రత్త అని చెప్పే గోల్ఫ్ కేక) అని గట్టిగా అరవాలి.

గచ్చిబౌలి వైపు ఉన్న బౌల్డర్ హిల్స్ కోర్సును పీటర్ హారడైన్ రూపొందించారు. దక్కను పీఠభూమి రాతిగుండ్లే అక్కడి అందం, అక్కడి కష్టం కూడా. అక్కడికి మొదటిసారి వెళ్ళేవారు దూరం మీద ఆశ వదిలి, ప్రతి టీ నుంచి బంతి ఎక్కడ ఆగాలో ముందు నిర్ణయించుకోవాలి. సికింద్రాబాద్ వైపు సైన్యం నడిపే కోర్సు కూడా ఉంది. ఎక్కడికి వెళ్ళినా అతిథి నియమాలు, రుసుము, దుస్తుల నిబంధన ముందు ఫోన్ చేసి కనుక్కోవాలి. కాలరున్న చొక్కా, మెత్తటి స్పైక్‌ల బూట్లు ఉంటే సాధారణంగా ఇబ్బంది రాదు.

రాళ్ళ మధ్య ఆడే మనకు రెండు నియమాలు కంఠస్థం కావాలి. నేలలో పాతుకోని రాయి ఎంత పెద్దదైనా, ఆట ఆలస్యం చేయకుండా జరపగలిగితే, దాన్ని శిక్ష లేకుండా తొలగించవచ్చు. 1999 ఫీనిక్స్ ఓపెన్‌లో టైగర్ వుడ్స్ ముందున్న పెద్ద బండను ప్రేక్షకులు కలిసి దొర్లించింది ఈ నియమం ప్రకారమే. పాతుకున్న బండ దగ్గర బంతి ఆగితే మాత్రం ఆడలేనిదిగా ప్రకటించి, ఒక స్ట్రోకు శిక్ష తీసుకొని, హోల్‌కు దగ్గర కాకుండా రెండు క్లబ్ పొడవుల లోపల డ్రాప్ చేయడం (బంతిని చేతిలోంచి కిందికి వదలడం) ఒక మార్గం. ఆ ఒక్క స్ట్రోకు కోసం పట్టుదలకు పోయి రాయిని కొట్టిన మిత్రుడి మణికట్టు నాలుగు నెలలు కట్టులో ఉంది.

ఏప్రిల్, మే నెలల్లో నేల గట్టిపడుతుంది కాబట్టి గ్రీన్ మీదికి బంతిని ఎగరేయకుండా, ముందే పడేసి దొర్లించాలి. వానాకాలంలో బంతి తన దెబ్బకు తానే నేలలో కూరుకుపోతే, అది బంకర్ అనే ఇసుక గుంటలోనో, నీళ్ళున్న చోటు వంటి పెనాల్టీ ఏరియాలోనో కాకపోతే, శిక్ష లేకుండా తీసి డ్రాప్ చేయవచ్చు. ఉరుము వినబడితే స్కోరు ఎలా ఉన్నా ఆట వదిలేసి భవనంలోకి వెళ్ళాలి, ఒంటరి చెట్టు కింద నిలబడకూడదు.

మనసు

ఈ భాగాన్ని ఎవరూ నేర్పరు, అందుకే దీనికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. తొంభై స్ట్రోకులు ఆడేవారు ఒక్కొక్క దానికి అర నిమిషం తీసుకున్నా మొత్తం నలభై ఐదు నిమిషాలే అవుతుంది. రౌండుకు మాత్రం నాలుగు గంటలు పడుతుంది. మిగిలిన మూడుంపావు గంటలు నడకే, ఆలోచనే. చెడ్డ షాట్ ఆడింది ఒక్క క్షణం, దాన్ని మోసుకు తిరిగేది పది నిమిషాలు. నేను పది అడుగుల లెక్క పెట్టుకున్నాను: బంతి ఎటు పోయినా పది అడుగులు వేసేలోగా దాని గురించి అనుకోవలసినవన్నీ అనుకోవచ్చు, పదకొండో అడుగు నుంచి తరవాతి షాట్ సంగతే. మొదట్లో కుదరలేదు, ఏడాది సాధన తరవాత కుదిరింది. క్లబ్ నేలకేసి కొట్టడం గురించి ఒక్క మాట: పక్కన ఆడేవారి ఉదయాన్ని పాడుచేసే హక్కు మనకు లేదు.

నిరాశకు అసలు మూలం చాలాసార్లు తప్పుడు అంచనా. 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో, చివరి ఇరవై రౌండ్లలో అత్యుత్తమమైన ఎనిమిదింటి సగటును లెక్కలోకి తీసుకుంటారు. అంటే హ్యాండిక్యాప్ మీ సగటు ఆట కాదు, మీరు బాగా ఆడిన రోజుల సగటు. కాబట్టి మామూలు రోజున దానికంటే కొన్ని స్ట్రోకులు ఎక్కువే అవుతాయి, అది వైఫల్యం కాదు. ఇది అర్థమయ్యాక నా భుజాల మీది బరువు దిగిపోయింది. హ్యాండిక్యాప్ గరిష్ఠంగా 54 వరకు ఇస్తారు. కొత్తవారు సిగ్గుపడకుండా దాన్ని తీసుకొని, ప్రతి హోల్ పార్‌కు మూడేసి స్ట్రోకులు కలుపుకొని, దాన్నే తమ సొంత పార్‌గా భావించి ఆడాలి.

పోయిన బంతిని వెతకడానికి మూడు నిమిషాలే గడువు. ఆ తరవాత వెనక వచ్చేవారి సమయం వాడుకుంటున్నట్టు. ఎవరూ చూడని చోట బంతి కదిలితే మనమే చెప్పాలి. 1925 యూఎస్ ఓపెన్‌లో బాబీ జోన్స్ తన బంతి కదిలిందని తానే చెప్పి ఒక స్ట్రోకు శిక్ష వేసుకున్నాడు, ఆ పోటీ టై అయి ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు. మన ఆదివారపు ఆటలో పోయేది మహా అయితే ఒక టిఫిన్ పందెం. స్కోరు కార్డులో ఒక అంకె దిద్దినవారు, తమ ఆట ఎక్కడుందో తెలుసుకునే దారిని తామే మూసుకుంటారు.

అందుకే రౌండు ముగిశాక, కాఫీ తాగే ముందే, ఒక చిన్న పుస్తకంలో నాలుగు అంకెలు రాసుకోండి: మొత్తం పట్‌లు, పెనాల్టీ స్ట్రోకులు, వంద గజాల లోపల ఆడిన షాట్లు, పది అడుగుల లెక్క తప్పిన సందర్భాలు. ఐదారు రౌండ్ల అంకెలు చేరాక ఆ పుస్తకాన్ని తరవాతి పాఠానికి తీసుకువెళ్ళి కోచ్ చేతికి ఇవ్వండి. ఈసారి ఏం నేర్పాలో ఆయనకు అందులోనే తెలుస్తుంది.