చెరువు అవతలి గట్టున ఒక రాత్రి: దోనెలో వెళ్లి రావడం ఎలా?

నెల్లూరు జిల్లాలో నేల పడమటి నుంచి సముద్రం వైపు వాలుగా ఉంటుంది. అందుకే చాలా చెరువులకు కట్టా పొలాలూ తూర్పున ఉంటే, నీళ్లు పడమట కొండల వైపు పరుచుకుంటాయి. గుడారానికి పనికొచ్చే నిర్జనమైన గట్టు ఆ పడమరే. ఉదయగిరి వైపు, వెలిగొండల కింద ఒక చిన్న చెరువు ఎంచుకోండి. సోమశిల, కండలేరు లాంటి పెద్ద జలాశయాలు కొత్తవాళ్లకు వద్దు.

1. ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపానులతో కలిపి. సంక్రాంతి దాటాక వెళ్లండి.

2. చెరువు ఎవరి అజమాయిషీలో ఉందో కనుక్కుని అనుమతి తీసుకోండి. గట్టు అడవిలోకి వస్తే అటవీ శాఖనూ అడగాలి. చేపలు పట్టేవాళ్లకు మాత్రం తప్పక చెప్పండి. వలలు ఎక్కడున్నాయో, నీళ్లలో మొద్దులు ఎక్కడున్నాయో వాళ్లకే తెలుసు. చెప్పకుండా వెళ్తే రాత్రి మీ టార్చి వెలుగు చూసి చేపల దొంగలనుకుంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

3. మంచినీళ్ల క్యాన్ల లాంటి బరువులు దోనె నడుమ, అడుగున పెట్టండి. బట్టలు, పక్కలు ప్లాస్టిక్ సంచుల్లో బిగించి కట్టండి. తెడ్డు ఒకటి అదనంగా ఉండాలి. లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి, ఈత వచ్చినా సరే.

4. అసలు సంగతి గాలి. ఎండెక్కాక సముద్రపు గాలి తూర్పు నుంచి వీస్తుంది. పోయేటప్పుడు అది వెనక నుంచి నెడుతుంటే తెడ్డు వేయడం మాకు బాగా వచ్చనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో అదే ఎదురుగాలి. కాబట్టి తెల్లారగానే, గాలి లేవకముందే బయల్దేరాలి. మధ్యలో గాలి హెచ్చితే నడిమికి పోకుండా ఒడ్డు వెంబడే రండి. అలలకు అడ్డంగా దోనె తిప్పితే బోల్తా పడొచ్చు. లేచి నిలబడొద్దు, మోకాళ్ల మీద కూర్చుంటే నిలకడ.

5. తూము దగ్గరికి పోవద్దు, లోపలికి లాగేస్తుంది. కలుజు (చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు) పారుతుంటే అటు వైపే వద్దు.

6. గుడారం నీటి అంచుకు బాగా పైన వేయండి. దానికంటే ముందు సర్కారు తుమ్మ ముళ్లు ఏరేయాలి. గాలి నింపే దోనె అయితే ఈ ముళ్లే దానికి యముడు. దోనెను గట్టెక్కించి, బోర్లించి, చెట్టుకు కట్టండి. కట్లపాములు రాత్రి తిరుగుతాయి: గుడారం జిప్పు మూసే ఉంచండి, చెప్పులు దులిపి తొడగండి.

7. వంటకు చిన్న గ్యాస్ స్టవ్ చాలు. ఎండుగడ్డిలో మంట పెట్టొద్దు. పులిహోర కట్టుకెళ్తే ఆ బెడదా లేదు. గిన్నెలు చెరువులో కడగకండి, అదే నీళ్లకు పొద్దున్నే గొడ్లు వస్తాయి.

8. ఇవతలికి చేరగానే చేపలవాళ్లకు ఫోన్ చేయండి, లేకపోతే మీ కోసం వెతుక్కుంటూ వస్తారు.