ఇంట్లో రికార్డు చేసిన పాట తోటి కళాకారులకు పంపి, పనికొచ్చే మాట రాబట్టడం ఎలా?

పాట పంపి "ఎట్లుందన్నా?" అని అడిగితే "సూపర్ తమ్మీ" అని వస్తుంది. కింద ఒక దండం బొమ్మ, రెండు మంట బొమ్మలు. దాంతో పాటలో ఒక్క అక్షరం మారదు. నల్లగొండ, పాలమూరు వైపు ఫోన్‌తోనో చిన్న ఇంటర్‌ఫేస్‌తోనో (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) పాట కట్టేవాళ్లకు కొదవ లేదు, విని చెప్పగలిగే చెవులకూ కొదవ లేదు. అడగడం చేతగాకనే పాటలు తప్పులతో సహా యూట్యూబ్‌ ఎక్కుతున్నాయి.

కావలసినవి

రఫ్ మిక్స్ (గొంతు, వాయిద్యాలు ఉజ్జాయింపుగా కలిపిన పాట), వైరున్న హెడ్‌ఫోన్స్, ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక నోటు పుస్తకం. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో ట్రాక్ వింటూ పాడొద్దు. శబ్దం ఆలస్యంగా చెవికి చేరుతుంది, గొంతు తాళానికి వెనకబడుతుంది.

1. రికార్డింగ్

రెండు మాటలే. ఫ్యాన్, ఫ్రిజ్ ఆపండి. స్లాబు ఇంట్లో ఖాళీ గది మోగుతుంది కాబట్టి బట్టల బీరువా తలుపులు తెరిచి, మీ వెనకాల బొంత వేలాడదీసి, మైకుకు జానెడు దూరంలో పాడండి. పీక్, అంటే శబ్దం తాకే గరిష్ఠ మట్టం, మైనస్ 12 నుంచి మైనస్ 6 డీబీ (డెసిబెల్) మధ్య ఉంటే చాలు. డప్పును మాత్రం చిన్న గదిలో కొట్టొద్దు. మంట మీద కాచిన డప్పుకు సిర్ర (డప్పు కొట్టే కర్ర) దెబ్బ తగిలితే దగ్గరున్న మైకు తట్టుకోలేదు, శబ్దం పగులుతుంది. ఆ పగులును ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతకలేదు. ఆరుబయట, రెండు మీటర్ల దూరంలో, మైకును కొంచెం పక్కకు తిప్పి తీసుకోండి.

2. ఫైల్

దాచుకునేది 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైల్. స్టీరియోలో నిమిషానికి దాదాపు 17 ఎంబీ అవుతుంది. పంపేది 320 కేబీపీఎస్ ఎంపీ3. నిమిషానికి 2.4 ఎంబీ, అంటే నాలుగు నిమిషాల పాట 10 ఎంబీ లోపే. ఎంపీ3గా మార్చినప్పుడు పీకులు కొద్దిగా పైకి లేస్తాయి, అందుకే మిక్స్‌ను మైనస్ 1 డీబీ దాటనివ్వకండి.

వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా జతచేయాలి. అప్పుడు ఫైల్ ఎట్లుందో అట్లనే పోతుంది. పాటను స్పీకర్లో పెట్టి, పక్కన ఇంకో ఫోన్‌తో వాయిస్ మెసేజ్ చేసి పంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దాన్ని విని మిక్స్ గురించి చెప్పమనడం, కిటికీలోంచి చూసి కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే. డ్రైవ్ లింకు పంపేటట్లయితే అనుమతి "వ్యూయర్" అని ఉందో లేదో చూసుకోండి. "ఎడిటర్" అని వదిలేస్తే ఎవరి చేయి తగిలినా ఫైల్ మారిపోవచ్చు.

పేరు కూడా పద్ధతిగా ఉండాలి: పాట పేరు, వెర్షన్ అంకె, వేగం (బీపీఎం, అంటే నిమిషానికి దెబ్బలు), శృతి. "బాయికాడి పాట, వెర్షన్ 3, 92 బీపీఎం, ఒకటిన్నర శృతి" అని ఉంటే హార్మోనియం వాయించే మనిషి తన పెట్టె మీద సరిచూసుకుంటాడు. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ లాస్ట్" అని పెడితే ఎవరు దేని గురించి చెప్తున్నారో వారం తర్వాత మీకే తెలియదు.

పంపే ముందు ఒకసారి ఫోన్ స్పీకర్లో వినండి. స్టీరియో వైడనర్ (శబ్దాన్ని రెండు వైపులా విస్తరించే ఎఫెక్ట్) వేసిన గొంతు, రెండు వైపులూ కలిసి ఒకే స్పీకర్‌లోంచి వచ్చేటప్పుడు పలచబడిపోతుంది. వినేవాళ్లలో ఎక్కువమంది వినేది అట్లనే.

3. ఎవరికి పంపాలి

ఐదుగురికి. ఆరో మనిషి వద్దు. ఒకరు పాడేవాళ్లు, ఒకరు దరువు తెలిసినవాళ్లు, ఒకరు పాట రాసేవాళ్లు, ఒకరు మిక్సింగ్ తెలిసినవాళ్లు, ఒకరు ఏ వాయిద్యమూ రాని మంచి శ్రోత. ఎవరికి వాళ్లకు విడిగా పంపాలి. గ్రూపులో పెట్టొద్దు. మొదటివాడు "కేక" అన్నాక రెండోవాడికి "పల్లవిలో శృతి దిగింది" అనే ధైర్యం రాదు. పాడింది గ్రూపులో ఉన్న పెద్దమనిషి మేనకోడలైతే అసలే రాదు.

పాటలో ఏ వాయిద్యం ముందుంటే ఆ వాయిద్యం తెలిసినవాళ్లు ఐదుగురిలో ఉండాలి. 2022లో దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ వచ్చాక ఆయన వాయించే 12 మెట్ల కిన్నెర అనే తీగ వాయిద్యం పేరు అందరికీ తెలిసింది. పక్కన కూర్చొని దాన్ని విన్న చెవులు మాత్రం తక్కువే. కీబోర్డులో తీగ శబ్దం వేసి కిన్నెర అని చెప్పుకునేవాళ్లకు తప్పు ఎక్కడుందో చెప్పేది ఆ చెవులే.

బతుకమ్మ పాటకైతే లెక్క వేరు. ఐదుగురిలో ఇద్దరు ఏటా ఆడే ఆడవాళ్లే ఉండాలి. వాకిట్లో చిన్న స్పీకర్ పెట్టి, చప్పట్లు కొడుతూ నాలుగు చుట్లు తిరగమనండి. వేగం ఎక్కువైతే అడుగు తడబడుతుంది. "ఉయ్యాలో" అని కోరస్ అందుకునే చోట మీరు ఊపిరి తీసుకునేంత చోటు వదలకపోతే అక్కడ వాళ్ల గొంతు ఆగిపోతుంది. ఈ సంగతి ఏ స్టూడియో ఇంజినీరూ చెప్పలేడు. భాద్రపద అమావాస్య నాడే పండుగ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ, కాబట్టి రఫ్ మిక్స్ శ్రావణంలోనే వాళ్ల దగ్గరికి పోవాలి. పండుగ వారం ముందు పంపితే డప్పు వాళ్లకు గాని డీజే వాళ్లకు గాని తల గోక్కునే తీరికుండదు.

పెద్దవాళ్లకు, ముఖ్యంగా హార్మోనియం మాస్టార్లకు, మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు. ఇంటికి పోయి హెడ్‌ఫోన్స్ ఇచ్చి వినిపించండి. వాళ్ల నోటి కంటే తాళం వేసే వేలు ముందు చెప్తుంది. ఆ వేలు ఎక్కడ ఆగిందో నిమిషం, సెకనుతో రాసుకోండి.

4. అడగడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

ఒకే మెసేజ్‌లో అన్నీ అడగొద్దు. రెండు మెసేజ్‌లు, మధ్యలో వాళ్ల జవాబు. మొదటి మెసేజ్ ఇట్లుండాలి:

"నమస్తే అన్నా. కొత్త పాట రఫ్ మిక్స్ పంపుతున్న, 4 నిమిషాల 10 సెకన్లు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని ఒక్కసారి ఆపకుండా వినుండ్రి. ఏ చోట మీ ధ్యాస పక్కకు పోయిందో, ఏ చోట చెవికి తగిలిందో నిమిషం, సెకను చెప్పుండ్రి చాలు. ఆదివారం లోపల చెప్పినా సరే."

ఇంతకు మించి ఒక్క మాట రాయొద్దు. "ఆ రోజు జలుబుండె", "మైకు మంచిది కాదు", "డప్పు కొంచెం ఎక్కువైందేమో" అన్నవేవీ వద్దు. జలుబని చెప్తే వినే మనిషి జలుబునే వింటాడు. డప్పు ఎక్కువైందేమో అంటే ఐదుగురూ డప్పు ఎక్కువైందనే అంటారు, అసలు తప్పు మూడో చరణంలో మాట అర్థం కాకపోవడమైనా సరే. మీ అనుమానం వాళ్ల చెవిలో పడకముందు వచ్చిన జవాబుకే విలువ. అది ఒక్కసారే దొరుకుతుంది. ఒకసారి విన్న మనిషి మళ్లీ కొత్త చెవితో వినలేడు.

"ఎట్లుంది?", "నచ్చిందా?" అన్న ప్రశ్నలకు మన దగ్గర మర్యాద ఒక్కటే జవాబిస్తుంది. నిమిషం, సెకను అడిగితే మర్యాదకు చోటుండదు, ఏదో ఒక అంకె చెప్పాలి. "ఏం లేదు తమ్మీ, అంతా బాగుంది" అనే వస్తే ఆ మనిషి పూర్తిగా వినలేదని అర్థం. మళ్లీ అడిగి ఇబ్బంది పెట్టొద్దు, తర్వాతి పాటకు ఆ చోట ఇంకొకరిని చూసుకోండి.

జవాబు వచ్చాకనే రెండో మెసేజ్. ఇందులో ఎవరి పని వాళ్లను అడగాలి, మనిషికి రెండు ప్రశ్నలు మించకుండా. దరువు తెలిసిన మనిషికి: "1:42 నుంచి 2:05 దాకా డప్పు, గొంతు కలిసి పోతున్నయా, ఏదన్న ముందుకు ఉరుకుతుందా?" రాసే మనిషికి: "రెండో చరణం ఒక్కసారి విన్నదాంట్ల మీకు గుర్తున్న మాటలేంది?" ఈ ప్రశ్న చాలా గట్టిది. మీరు రాసిన మాట ఒకటి, వాళ్లకు వినబడింది ఇంకోటి అయితే ఉచ్చారణ సరిచేయాలో, హార్మోనియం తగ్గించాలో అక్కడ తేలుతుంది. దరువు గురించి రాసి చెప్పమనకండి, నోటితో కొట్టి వాయిస్ మెసేజ్ పెట్టమనండి. పది వాక్యాల్లో తేలనిది ఐదు సెకన్లలో తేలుతుంది.

జవాబు నచ్చకపోయినా "కావాల్ననే అట్ల పెట్టిన" అనొద్దు. "సరే అన్నా, రాసుకున్న" అనాలి, అంతే. ఒక్కసారి వాదిస్తే రెండోసారి నుంచి ఆ మనిషి దగ్గర "సూపర్" తప్ప ఏమీ రాదు.

5. రెండు రకాలు పోల్చమన్నప్పుడు

శబ్దం సమానం చేయకుండా పంపితే ఆ పోలిక చెత్తబుట్టకే. ఒక డీబీ గట్టిగా ఉన్నది కూడా చెవికి మేలైనదిగా అనిపిస్తుంది. ఆడాసిటీలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ వాడి రెండింటినీ మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (చెవికి వినబడే గట్టిదనం కొలత) తెచ్చి, పల్లవి ఉన్న అదే 30 సెకన్ల ముక్క కోసి, "ఏ", "బి" అని పేర్లు పెట్టండి. పాతది, కొత్తది అని చెప్తే కొత్తదే బాగుందంటారు.

6. జవాబులు చదవడం

నోటు పుస్తకంలో సెకన్ల వరుసలో రాయండి. ఒకే చోట ముగ్గురు వేలు పెడితే అక్కడ తప్పుంది. ఒక్కరే అంటే, రెండు రోజులాగి మీరే వినండి.

నొప్పి ఎక్కడుందో చెప్పడంలో కళాకారులు పొరపడరు, మందు చెప్పడంలో పొరపడతారు. "ఎకో పెంచు" అన్నవాడికి నిజంగా తగిలింది, గొంతు ట్రాక్ పైన అతికించినట్టు ఉండటం. ముందు గొంతు ఒక డీబీ తగ్గించి చూడండి. "గొంతు లోపలికుంది" అంటే 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య హార్మోనియం గాని, డోలక్ గాని అడ్డం వస్తున్నదేమో చూసి, వాటిని అక్కడ ఈక్వలైజర్‌తో కొద్దిగా తగ్గించండి. "చెవుల్ల గుచ్చుతుంది" అంటే 3, 4 కిలోహెర్ట్జ్ దగ్గర వెతకండి. స, శ అక్షరాల మీదనే గుచ్చితే 5 నుంచి 8 దాకా పోవాలి. "పాట సాగుతుంది" అన్నప్పుడు వేగం పెంచకండి. చరణాల మధ్య మ్యూజిక్ సగం కోస్తే సరిపోవచ్చు.

సరిచేసిన వెర్షన్ మళ్లీ ఐదుగురికీ పంపొద్దు. తప్పు చూపించిన మనిషికి ఒకటి, ఇంతవరకు వినని ఇద్దరికి ఒకటి. మూడు వెర్షన్లు దాటాక వచ్చే సలహాలు ఎవరి ఇష్టాలు వాళ్లవి.

బాణీ పాతదైతే, ఏ ఊళ్లో ఎవరి నోట విన్నారో మొదటిసారి పంపేటప్పుడే రాసిపెట్టండి. విన్నవాళ్లలో ఎవరో ఒకరు "ఇది మా అవ్వ పాడేది, చివరి రెండు వరుసలు వేరే ఉంటయి" అంటారు. ఆ రెండు వరుసలూ వాయిస్ మెసేజ్‌లో పాడి పంపమనండి.